దోపిడీ కుట్ర కేసులో శిక్ష పడితే అప్పీలు ఎలా వేయాలి

జైలుశిక్ష పడిన ముద్దాయికి తీర్పు నకలును కోర్టు వెంటనే ఉచితంగా ఇవ్వాలి కనుక, ఆ రోజే దాన్ని అడిగి తీసుకుని, గడువు లెక్క రాసి పెట్టుకోండి. సెషన్స్ జడ్జి విచారించిన కేసైనా, ఏ కోర్టు అయినా ఏడేళ్లకు మించి శిక్ష వేసినా, అప్పీలు హైకోర్టుకే వెళుతుంది. మరణశిక్ష కానప్పుడు దానికి గడువు 60 రోజులు. మేజిస్ట్రేటు తీర్పుపై సెషన్స్ కోర్టుకు వెళ్లాలంటే 30 రోజులే. ధ్రువీకృత నకలు కోసం దరఖాస్తు పెట్టినప్పటి నుంచి అది సిద్ధమయ్యే వరకు పట్టిన రోజులను గడువులోంచి మినహాయిస్తారు; కాబట్టి నకలుపై వేసే ముద్రలోని తేదీలు స్పష్టంగా ఉన్నాయో లేదో అక్కడికక్కడే చూసుకోండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జైలు సూపరింటెండెంట్ ద్వారానే అప్పీలు పంపవచ్చు. జైల్లో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది.

అసలు శ్రమ అప్పీలు కారణాలు రాయడంలో ఉంది. ఏ-1 (మొదటి ముద్దాయి) కోసం రాసిన కారణాలనే ఏ-6 (ఆరో ముద్దాయి)కీ దించేయడం ఆ ఆరో మనిషికి చేసే అన్యాయమని నా దృఢమైన అభిప్రాయం. ప్రతి ముద్దాయి పేరునా ఒక కాగితం తీసుకుని, అతణ్ని గుర్తుపట్టిన సాక్షి ఎవరు, గుర్తింపు పరేడ్ (నిందితుణ్ని ఇతరుల మధ్య నిలబెట్టి సాక్షి చేత గుర్తుపట్టించడం) ఎన్ని రోజులకు జరిగింది, అతని వద్ద దొరికిందన్న సొత్తు ఏది అన్నవి రాయండి. నేరాంగీకార పంచనామాలో పోలీసులకు చెప్పినట్టున్న మాటల్లో, సొత్తు బయటపడటానికి నేరుగా దారితీసిన భాగం తప్ప మిగతాది సాక్ష్యంగా చెల్లదు. పంచనామా మధ్యవర్తులు (దానిపై సాక్షులుగా సంతకం పెట్టినవారు) కోర్టులో ఎదురు తిరిగారేమో వారి వాంగ్మూలాల్లో వెతకండి. కుట్రకు కనీసం ఇద్దరుండాలి కాబట్టి, మిగిలిన కుట్రదారులందరినీ విడిచిపెట్టి, తెలియనివారితో కలిశాడన్న ఆధారమూ లేకుండా ఒక్కడికే కుట్ర అంటగడితే అది నిలవదు. బందిపోటు నేరానికి ఐదుగురు కావాలి. కొందరు విడుదలయ్యాక ఆ సంఖ్యకు ఆధారం మిగిలిందా అన్నది పరిశీలించాలి. మారణాయుధం వాడినందుకు వేసే కనీస ఏడేళ్ల శిక్ష దాన్ని వాడినవాడికే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1975లోనే చెప్పింది.

శిక్షపై వేరే పేరాలు రాయండి. నేరనిర్ధారణ నిలిచినా శిక్ష తగ్గే అవకాశం ఉంటుంది. వయసు, పాత్ర, పాత కేసులు లేకపోవడం అక్కడ చెప్పాలి. అప్పీలుతో పాటే శిక్ష నిలిపివేసి బెయిలు ఇవ్వాలని బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 430 సెక్షన్ కింద పిటిషన్ వేయండి. రిమాండులో గడిపిన రోజులను శిక్షలోంచి మినహాయించారా అన్నది తీర్పు చివరి పేజీల్లో చూడండి. కుట్రకు, దోపిడీకి వేసిన శిక్షలు ఏకకాలంలో అమలవుతాయా, ఒకదాని తర్వాత ఒకటిగా నడుస్తాయా అన్నది బీఎన్‌ఎస్‌ఎస్ 25 ప్రకారం కోర్టే తీర్పులో చెప్పాలి గనుక, ఏకకాలంలో అని తీర్పులో లేకపోతే ఆ ఒక్క వాక్యం కోసమైనా అప్పీలులో ప్రత్యేకంగా ప్రార్థించాలి.