ఆడియో షోలో ఖరీదైన స్పీకర్లను ఎలా వినాలి?

జర్మనీలోని మ్యూనిక్ నగరంలో 2004 నుంచి 2025 దాకా ‘హై ఎండ్’ అనే ఆడియో ప్రదర్శన జరుగుతూ వచ్చింది. 2026 నుంచి దాన్ని వియన్నాకు మార్చారు. గది తర్వాత గది, ప్రతి గదిలో ఒక జత స్పీకర్లు. కొన్నిటి ధరకు హైదరాబాద్‌లో ఫ్లాటు వస్తుంది. మొదటిసారి వెళ్లినప్పుడు ఒక్క రోజులో ముప్పైకి పైగా గదులు తిరిగాను. రాత్రి కూర్చుని తలుచుకుంటే “బాగుంది”, “చాలా బాగుంది” అన్న మాటలు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

అక్కడ మన చెవిన పడేది ఒక్క స్పీకరు కాదు. గది, మనం కూర్చున్న కుర్చీ, వాల్యూమ్, వాళ్లు ఎంచుకున్న పాట, అన్నీ కలిసిపోయి వస్తాయి. వాటిలోంచి స్పీకరును విడదీసి వినడానికి నేను పాటించే పద్ధతి ఇది. ఏ ఊరి షోకైనా, మామూలు షోరూమ్‌కైనా పనికొస్తుంది.

1. పాటలు మీవే తీసుకెళ్లండి

ఎవరి గదిలో వాళ్ల స్పీకరుకు నప్పే పాటే వేస్తారు. చిన్న స్పీకర్లున్న చోట గిటారుతో ఒక ఆడగొంతు, పెద్ద వూఫర్లు (కింది స్థాయి శబ్దాలిచ్చే పెద్ద కోన్లు) ఉన్న చోట డ్రమ్ములు. పెళ్లిచూపుల రోజున ఇల్లు సర్దినట్టే ఇదీ, తప్పుపట్టాల్సిందేమీ లేదు. కానీ మనం చూడాల్సింది మామూలు రోజున ఇల్లు ఎలా ఉంటుందో.

నాలుగు పాటలు చాలు. వాద్యాలు తక్కువగా ఉండి గొంతు ముందుండేది ఒకటి. మృదంగం బాగా రికార్డయిన కచేరీ ఒకటి, తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే మోగే భాగం, ఉంటే మరీ మంచిది. తంబురా స్పష్టంగా వినపడే రాగాలాపన ఒకటి. వాద్యబృందం నిండుగా ఉన్న సినిమా పాటో సింఫనీయో ఒకటి. ప్రతిదాంట్లో నిమిషంన్నర ముక్క ఎక్కడ మొదలవుతుందో రాసుకోండి. నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ ఫైళ్లుగా పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. తక్కువ బిట్‌రేటు ఎంపీ3లో సన్నటి పైస్వరాలు ముందే దెబ్బతిని ఉంటాయి, ఆ తప్పు స్పీకరు మీద పడుతుంది.

వెళ్లే ముందు వారం రోజులు ఆ ముక్కల్నే హెడ్‌ఫోన్లో వినండి. దానికన్నా ముఖ్యమైన పని ఇంకోటుంది. మైకు లేని సంగీతం దగ్గర ఒక్కసారైనా కూర్చోండి. సంగీతం మాస్టారి ఇంట్లో పిల్లల పాఠం జరుగుతున్నప్పుడు ఒక మూల కూర్చున్నా సరే. తంబురా, మృదంగం, మనిషి గొంతు మూడూ వైర్లలోంచి కాకుండా నేరుగా గాలిలోంచి వచ్చి తాకితే, ఆ గుర్తే మనకు కొలబద్ద. అది లేనివాళ్లు ఒక స్పీకరును ఇంకో స్పీకరుతో పోల్చగలరే తప్ప సంగీతంతో పోల్చలేరు.

2. పొద్దున్నే వెళ్లండి

తలుపులు తెరిచిన మొదటి గంటలో గదులు ఖాళీగా ఉంటాయి, చెవులు తాజాగా ఉంటాయి. గది నిండా జనం ఉంటే వాళ్ల ఒళ్లూ బట్టలూ పైస్థాయి శబ్దాల్ని పీల్చేస్తాయి, పైగా గుసగుసలు. రోజుకు పది గదులు చాలు. ప్రతి రెండు గదులకూ ఒకసారి బయటికొచ్చి పది నిమిషాలు ఊరికే నిలబడండి.

3. స్పీకరు కంటే ముందు గదిని చూడండి

గోడలు గాజువా, ప్లాస్టర్‌వా? నేల మీద తివాచీ ఉందా? మూలల్లో శబ్దాన్ని పీల్చే పలకలు పెట్టారా? పాట ఆగినప్పుడు మెల్లగా ఒక్క చప్పట కొట్టండి. ‘టర్ర్’మని చిన్న ప్రతిధ్వని వస్తే ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా ఎగురుతోందని అర్థం. ఆ గదిలో పైస్వరాలు గీరుకుంటున్నట్టు వినిపిస్తే నేరం స్పీకరుది కాకపోవచ్చు.

అసలు చిక్కంతా బేస్‌తోనే, అంటే కింది స్థాయి శబ్దాలతోనే. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 5 మీటర్ల పొడవున్న గదిలో 34 హెర్ట్జ్ దగ్గర అల రెండు గోడల మధ్య నిలిచిపోతుంది. అలా నిలిచిన స్వరం గోడల దగ్గర ఉబ్బిపోతుంది, గది నట్టనడుమ దాదాపు మాయమైపోతుంది. అదే గది, అదే పాట, కుర్చీ మారితే బేస్ మారిపోతుంది.

ఒకసారి ఒక గదిలో నాకు వెనక గోడకు ఆనుకున్న వరుసలో చోటు దొరికింది. నా మృదంగం ముక్క వేశారు. ఎడమ మూత ప్రతి దెబ్బా ఖాళీ డ్రమ్ము మీద కర్రతో మోదినట్టు ‘బూం’మని సాగుతోంది. పేరున్న స్పీకరే, నోట్‌బుక్‌లో కొట్టేయబోయాను. అంతలో ముందు వరుసలో ఒకాయన లేచి వెళ్లారు. వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాను, మీటరున్నర ముందుకు జరిగానంతే. ‘బూం’ పోయింది. రవ్వ ముద్ద అద్దిన ఆ తోలు మీద అరచేయి జారుతూ తీసే గుముకి, శ్రుతి కిందికీ పైకీ ఊగడం, అన్నీ విడివిడిగా వచ్చాయి. అప్పట్నుంచి వెనక గోడ దగ్గర విన్న బేస్ గురించి నేను మంచీ చెడూ ఏమీ రాయను.

కాబట్టి రెండు స్పీకర్లకూ సమాన దూరంలో, వెనక గోడకు కనీసం మీటరు ఎడంగా కూర్చోండి. ఆ కుర్చీ ఖాళీ లేకపోతే వేచి ఉండండి, లేదా మళ్లీ రండి.

4. వాల్యూమ్ తగ్గించమనండి

మొహమాటపడకండి. ఈ ఒక్క మెట్టు వదిలేస్తే మిగతా శ్రమంతా వృథా. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బేస్, బాగా పైస్వరాలు తగ్గి వినిపిస్తాయని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు. అందుకే కాస్త గట్టిగా మోగే స్పీకరు నిండుగా, మెరుపుగా ఉన్నట్టు తోస్తుంది. తేడా ఒకటి రెండు డెసిబెల్స్ అయితే ‘గట్టిగా ఉంది’ అని కూడా అనిపించదు, ‘బాగుంది’ అనే అనిపిస్తుంది. ఫోన్లో శబ్దం కొలిచే యాప్ పెట్టుకుని ప్రతి గదిలోనూ 75, 80 డెసిబెల్స్ మధ్య వినండి. యాప్ అంకె కచ్చితం కాకపోయినా, అదే ఫోన్‌తో అన్ని గదుల్లోనూ కొలిస్తే పోలికకు సరిపోతుంది.

చెవుల ఆరోగ్యం కూడా ఉంది. పనిచేసే చోట ఆరోగ్యం మీద పరిశోధించే అమెరికా సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్ 8 గంటల వరకు ఫర్వాలేదు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగం అవుతుంది. అంటే 94కి గంట, 100కి పావుగంట. చెవులు గింగురుమంటున్నాయంటే ఆ రోజుకి ఇక చాలు.

5. ముందు గొంతు, చివర బేస్

కళ్లు మూసుకోండి. ఇది నాటకానికి చెబుతున్నది కాదు. స్పీకరు కనబడుతున్నప్పుడు, తెర వెనక ఉన్నప్పుడు ఒకే మనుషులు వేర్వేరు మార్కులు వేశారని ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో ప్రయోగం చేసి చూపారు. ధర, అందం, కంపెనీ పేరు మన చెవిలో కూర్చుంటాయి.

మొదట గొంతు. ‘స’, ‘ష’ అక్షరాల్ని పట్టుకోండి. ‘స’లోని శక్తి ఎక్కువగా 5,000 హెర్ట్జ్ పైన ఉంటుంది, ‘ష’ది దానికి కింద. రెండూ ఒకే ‘స్స్’గా వినబడితే పైస్వరాలిచ్చే చిన్న భాగం, ట్వీటర్ దగ్గర ఏదో తేడా ఉంది. తర్వాత ‘భ’, ‘ఘ’ లాంటి ఒత్తక్షరాలు. గాయకుడి ఛాతీలోంచి వచ్చే ఊపిరి ఉందా, నోటి చివర్నుంచి పలికినట్టుందా? వూఫర్ నుంచి ట్వీటర్‌కు పని చేతులు మారేది చాలా స్పీకర్లలో 2,000, 3,000 హెర్ట్జ్ మధ్యే. ఆ అతుకు కనబడేది గొంతులోనే. ఒకే గాయని పై షడ్జమానికి వెళ్లేసరికి ఇంకో మనిషి పాడుతున్నట్టుంటే అతుకు సరిగ్గా కుదరలేదు.

తర్వాత మృదంగం. నాకు ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష దొరకలేదు. మామూలు డోలు చర్మం ఇచ్చే ఉపస్వరాలు (ఒకే దెబ్బలో మూలస్వరంతో పాటు పుట్టే స్వరాలు) ఒకదానికొకటి పూర్ణాంక నిష్పత్తిలో ఉండవు, అందుకే అది మోతే గానీ స్వరం కాదు. మృదంగం కుడి మూత నడుమ వేసే నల్లటి పూత ఆ ఉపస్వరాల్ని వరుసలోకి తెస్తుందని, విశాఖపట్నంలో బడికెళ్లిన సి.వి. రామన్ 1920లో ‘నేచర్’ పత్రికలో రాశారు. ఆ వరుస వల్లే మృదంగానికి శ్రుతి. స్పీకరు కొన్ని ఉపస్వరాల్ని ఎగదోసి కొన్నిటిని మింగేస్తే ఆ శ్రుతి చెదురుతుంది. దెబ్బ వినబడుతుంది, స్వరం వినబడదు. ‘నం’ అన్న దెబ్బ ముక్తాయింపు దాకా గాయకుడి షడ్జమంతో కలిసే ఉందా అని వినండి.

మూడోది తంబురా. గుర్రం (తీగలు ఆనే చిన్న వంతెన) మీద తీగ కింద దూర్చే జీవాళి, అంటే ఒక నూలుపోగు, ఆ జుమ్మనే మెరుపంతా ఇస్తుంది. మంచి స్పీకరులో ఆ మెరుపు అలలా పైకి లేచి మెల్లగా దిగుతుంది. మామూలు దాంట్లో ఒకే రొదగా ఉంటుంది.

ఆఖర్న వాద్యబృందం. వయొలిన్లు ఎడమ పక్క ఎంత దూరంలో, తబలా ఎక్కడ, అని వేలితో చూపించగలిగితే చాలు.

6. స్పీకరు జాతిని బట్టి లేచి నడవండి

అన్నిటికీ ఒకే కుర్చీ కాదు. 1957లో అమ్మకానికొచ్చిన క్వాడ్ లాంటి ఎలక్ట్రోస్టాటిక్‌లలో శబ్దమిచ్చేది పల్చటి పొర. గొంతు అద్భుతంగా ఉంటుంది, తల పక్కకు జరిపితే మారిపోతుంది. బెర్లిన్‌కు చెందిన ఎంబీఎల్ స్పీకర్లు చుట్టూ శబ్దాన్ని చల్లుతాయి. పక్కన నిలబడినా బాగానే ఉంటాయి, కానీ గదిని ఎక్కువగా కలుపుకుంటాయి. అవంత్‌గార్డ్ లాంటి, బాకా ఆకారపు హార్న్ స్పీకర్లకు మరీ దగ్గరగా కూర్చోకండి, శబ్దాలు కలవడానికి దూరం కావాలి.

7. అక్కడే రాయండి, అక్కడే అడగండి

‘వెచ్చగా’, ‘తియ్యగా’ అని రాస్తే మర్నాటికి అర్థం కాదు. “2వ పాట, 48వ సెకను, ఎడమ మూత శ్రుతి తెలిసింది. 1వ పాటలో ‘స’ గీరింది. మూడో వరుస మధ్య కుర్చీ, 78 డెసిబెల్స్” అని రాయండి. ధర చివర్న.

ఆంప్లిఫయర్ ఏది, గది ప్రభావాన్ని సరిచేసే డీఎస్‌పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) ఆన్‌లో ఉందా, సెన్సిటివిటీ (కొద్దిపాటి వాట్లకు స్పీకరు ఎంత శబ్దమిస్తుందో) ఎంత, ఈ మూడూ అడగండి. 87 డెసిబెల్స్ స్పీకరుకు, 97 డెసిబెల్స్ హార్న్ ఇచ్చినంత శబ్దం ఇవ్వాలంటే పది రెట్లు వాట్లు కావాలి. ఆ ఖర్చు స్పీకరు ధరలో కనబడదు.

మన ఇంటి హాలు కొలతలు, టైల్స్ నేల, సిమెంటు గోడలు అన్నీ చెప్పండి. 12 అడుగుల గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర బేస్ ఉబ్బుతుంది, పెద్ద వూఫర్లు అక్కడ ఇబ్బందే. నచ్చిన రెండు మూడు గదులకు చివరి రోజు మధ్యాహ్నం మళ్లీ వెళ్లండి. అప్పటికి రద్దీ తగ్గుతుంది, అడిగిన పాట ఓపికగా వేస్తారు. మొదటిసారి రాసుకున్న సెకన్ల దగ్గరే వినండి. కొనాలని గట్టిగా అనిపిస్తే, డీలరును ఇంట్లో డెమో అడిగి అదే పెన్‌డ్రైవ్, అదే 48వ సెకను మీ హాల్లో వేయించండి.