మడమను వదలని కుక్క: క్యాటిల్ డాగ్‌ను మచ్చిక చేసుకోవడం ఎలా

పశువులను తోలడానికి పెంచిన ఆస్ట్రేలియన్ క్యాటిల్ డాగ్ జాతి కుక్కను కొత్తగా ఇంటికి తెచ్చుకున్నవారిని ముందుగా కలవరపెట్టేది దాని నోరు. పిల్లలు పరుగెత్తితే చాలు, చప్పుడు చేయకుండా వెనకనుంచి వచ్చి మడమ దగ్గర పట్టుకుంటుంది. ఇది ఎక్కడి అలవాటో తెలియాలంటే 19వ శతాబ్దపు ఆస్ట్రేలియాకు వెళ్లాలి. న్యూ సౌత్ వేల్స్‌లో పశువులను పెంచిన థామస్ హాల్, ఇంగ్లండ్‌లోని నార్తంబర్లాండ్ ప్రాంతం నుంచి పశువులను తోలే కుక్కలను తెప్పించి, వాటిని డింగోలనే అక్కడి అడవికుక్కలతో సంకరం చేసి, 1840 నాటికి తనకు కావలసిన రకాన్ని సాధించాడు. మనిషి అలికిడి పెద్దగా ఎరగని మొండి పశువులను చాలా దూరం తోలుకుపోయే పని అది. అరిచి బెదరగొడితే మంద చెదిరిపోతుంది కనుక, వెనకనుంచి నిశ్శబ్దంగా వచ్చి, మడమను చటుక్కున కొరికి, పశువు తన్నేలోపు నేలకు అణిగిపోయే కుక్క కావలసి వచ్చింది. ఇంగ్లిష్‌లో హీల్ అంటే మడమ; మడమ పట్టే ఆ పనివల్లనే దీనికి హీలర్ అనే పేరు వచ్చింది. బ్లూ హీలర్, రెడ్ హీలర్ అనేవి ఒకే జాతిలోని రెండు రంగులకు వాడుకలో ఉన్న పేర్లు.

అంటే పరుగెత్తే పిల్లవాడు ఆ కుక్క కంటికి మంద వదిలి పోతున్న దూడలా కనిపిస్తున్నాడని అర్థం. అది పగ కాదు, పొగరు కాదు. చాలా తరాలుగా మనిషి ఏరికోరి నిలుపుకున్న గుణం. దాన్ని పూర్తిగా తుడిచేయాలని చూసేవారు ఓడిపోతారు. దానికి దారి చూపేవారికి మాత్రం ఆ కుక్క లొంగుతుంది. దీనితో బంధం కుదిరేది ముద్దుచేయడం వల్ల కాదు, కలిసి పనిచేయడం వల్లనే అని నేను గట్టిగా నమ్ముతాను. ముద్దు ఆ తర్వాత దానంతట అదే వస్తుంది.

మొదటి రోజులు

క్యాటిల్ డాగ్ కనిపించిన ప్రతివారికీ తోక ఊపే కుక్క కాదు. కొత్తవారిని దూరంనుంచి గమనిస్తుంది, ఇంట్లో ఒకరిని ఎంచుకుంటుంది, ఆ తర్వాత ఆ మనిషి వెంట గది నుంచి గదికి నీడలా తిరుగుతుంది. గిన్నెలో తిండి పోసినవారినే ఎంచుకుంటుందన్న భరోసా లేదు. దాని చూపును గమనించి, అది చేసిన ప్రయత్నానికి వెంటనే బదులిచ్చినవారి వైపే సాధారణంగా మొగ్గుతుంది. కనుక రోజువారీ తిండిలో కొంత భాగాన్ని గిన్నెలో పోయకుండా, పిలిస్తే వచ్చినందుకు, కూర్చున్నందుకు, కళ్లలోకి చూసినందుకు చేతితో అందించడం మంచి ఆరంభం.

పెద్ద వయసు కుక్కను దత్తత తీసుకున్నవారు మరింత ఓపిక పట్టాలి. మొదటి రెండు వారాలూ అతిథులను పిలవకుండా, స్నానం వంటి ఒత్తిడి పెట్టే పనులను వీలైతే వాయిదా వేసి, తిండికీ నడకకూ ఒకే వేళలు పాటిస్తే ఆ కుక్కకు ఇల్లు అర్థమవుతుంది. దాని మీదికి వంగకండి. పక్కకు తిరిగి నేలమీద కూర్చుని, దగ్గరలో కొన్ని తాయిలాలు పెట్టి, మీ పని మీరు చేసుకుంటూ ఉండండి. దగ్గరికి వచ్చినప్పుడు నెత్తిమీద కాకుండా రొమ్ము మీదనో దవడ కిందనో మూడు సెకన్లు నిమిరి, చెయ్యి తీసేయండి. మరికాస్త దగ్గరికి జరిగితే కొనసాగించండి, ముఖం తిప్పుకుంటే ఆపేయండి. తన మాట వింటున్నారని కుక్కకు తెలిసేది ఇక్కడే. చాలామంది తొందరలో దాటవేసేదీ దీన్నే.

దాని భాష నేర్చుకోవడం యజమాని బాధ్యత. నిద్ర రాకపోయినా ఆవలించడం, తిండి లేకపోయినా పెదవులు నాకడం, తల పక్కకు తిప్పి కంటికొసల తెల్లదనం కనపడేలా చూడడం, ఒళ్లు బిగుసుకుని ఉండగా తోక మాత్రం నెమ్మదిగా కదలడం, ఇవన్నీ 'నాకు ఇబ్బందిగా ఉంది' అని చెప్పే గుర్తులు. ఆ తర్వాతి మెట్టు గుర్రుమనడం. గుర్రుమన్నందుకు కుక్కను ఎన్నడూ తిట్టకండి. హెచ్చరించడం మానేసిన కుక్క సౌమ్యమైపోయిందని కాదు; ఈసారి చెప్పకుండానే కరవగలదని అర్థం. మీరు వెనక్కి తగ్గి, దాన్ని ఇబ్బంది పెట్టినదేమిటో వెతకండి.

కుక్కపిల్లకు మూడు వారాల నుంచి దాదాపు పద్నాలుగు వారాల వరకు ఉండే వయసు చాలా విలువైనది. ఆ రోజుల్లో అది చూసిన మనుషులు, విన్న శబ్దాలు, నడిచిన నేలలు తర్వాతి జీవితంలో దాన్ని అంతగా భయపెట్టవు. టీకాలు పూర్తికాకముందు ఎక్కడికి తీసుకెళ్లవచ్చో పశువైద్యుణ్ణి అడిగి, అవసరమైతే చేతుల్లో ఎత్తుకునైనా లోకాన్ని చూపించండి.

మడమ పట్టే అలవాటును మళ్లించడం

కుక్క మీ కాలు పట్టుకున్న క్షణంలో కదలకుండా నిలబడిపోండి. కదలిక ఆగిపోతే తోలవలసిన పశువే లేనట్లు అవుతుంది. అది వదిలి, మీ ముఖంలోకి చూసిన వెంటనే మెచ్చుకుని, కొరకదగిన ఆటవస్తువును అందించండి. అరుపులూ, కాళ్లు విదిలించడమూ దాని ఉత్సాహాన్ని రెట్టింపు చేస్తాయి. కొట్టడం మరింత పెద్ద తప్పు. ఇది పశువు కాలి తన్నుకు వెరవకుండా తిరిగి పనిలోకి దిగడానికి పెంచిన జాతి. దెబ్బ తగిలితే దాని పట్టుదలైనా పెరుగుతుంది, మీమీద నమ్మకమైనా పోతుంది.

జరిగాక ఆపడం కన్నా జరగకముందే పని చెప్పడం మేలు. అరచేతికి ముక్కు ఆనించడాన్ని ముందుగా ప్రశాంతమైన గదిలో నేర్పండి. ఆ తర్వాత మీరు నడుస్తూ, వేగంగా నడుస్తూ, చివరకు పరుగెత్తుతూ అదే కోరండి. కొంతకాలానికి కదిలే మనిషిని చూడగానే మడమ బదులు అరచేతిని వెతుక్కోవడం దానికి అలవాటవుతుంది. పిల్లలున్న ఇంట్లో మాత్రం శిక్షణ మీదనే భారం వేయకూడదు. పరుగుల ఆట మొదలయ్యేటప్పుడు కుక్క అడ్డుగేటు అవతలైనా ఉండాలి, పెద్దవారి చేతిలోని పట్టీకి కట్టి అయినా ఉండాలి. చిన్నపిల్లలను, కుక్కను పెద్దవారెవరూ లేకుండా ఒకచోట వదలకూడదు.

సైకిళ్ల వెంట, వాహనాల వెంట పడే గుణానికి మూలం కూడా ఇదే, ప్రమాదం మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ. పొడవైన తాడు కట్టి, సైకిల్ కనిపించినా కుక్క ఇంకా మీ మాట వినగలిగేంత దూరంలో నిలబడండి. అది సైకిల్‌ను చూసి తిరిగి మీవైపు చూసిన ప్రతిసారీ తాయిలం ఇవ్వండి. ఆ దూరాన్ని వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. పిలుపు పక్కాగా కుదిరేవరకు కంచె లేని చోట తాడు విప్పకండి.

పని, విశ్రాంతి

ఈ కుక్కను పరుగెత్తించి అలసిపోయేలా చేయాలనుకోవడం సహజమే. కానీ రోజూ దూరం పెంచుకుంటూ పోతే కొన్ని నెలల్లో దాని దమ్ము పెరుగుతుంది, అప్పుడు ఆ దూరం కూడా చాలదు. నడక, పరుగు తప్పనిసరే, అయితే దాని తల అలసిపోవాలి. వస్తువులకు పేర్లు నేర్పి ఏరి తెమ్మనడం, గడ్డిలో దాచిన తిండిని వాసనతో వెతికించడం, బట్టల బుట్టనో చిన్న సంచినో మోయించడం, నోట పట్టలేనంత పెద్ద గట్టి బంతిని ముక్కుతో, భుజంతో నెట్టించడం వంటివి దానికి నిజమైన పనులు. ముఖ్యంగా ఆ బంతి ఆటలో తోలే గుణమంతా ఎవరి మడమకూ హాని లేకుండా తీరుతుంది. ఒక్కో పాఠాన్ని ఐదు నుంచి పది నిమిషాల్లో ముగించి, రోజుకు నాలుగైదు సార్లు చేయండి. విసుగు పుట్టకముందే ఆపితే మర్నాడు అదే వచ్చి అడుగుతుంది. ఎముకలు పూర్తిగా ఎదగని కుక్కపిల్లతో, అంటే సుమారు ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు వచ్చేవరకు, ఎత్తునుంచి పదేపదే దూకించడం, సైకిల్ పక్కన పరుగెత్తించడం తగదు.

పని నేర్పినంత శ్రద్ధగా ఊరకుండడాన్నీ నేర్పాలి. ఒక చాప పరిచి, దానిమీద పడుకున్నప్పుడల్లా మాట్లాడకుండా ముందు కాళ్ల మధ్య ఒక తాయిలం పెట్టండి. తుంటి పక్కకు వాల్చి, గడ్డం నేలకు ఆనించినప్పుడు మరొకటి పెట్టండి. రోజులో సగానికి పైగా విశ్రాంతి తీసుకోవలసిన జీవి ఇది. అయితే ఎవరూ నేర్పకపోతే ఇంట్లో ప్రతి కదలికకూ కాపలా కాస్తూ చికాకు పెంచుకుంటుంది. నీడలా తిరిగే కుక్కకు ఒంటరితనం కూడా మెట్లుమెట్లుగా నేర్పాలి. తలుపు అవతల కొన్ని సెకన్లు, తర్వాత ఒక నిమిషం, తర్వాత ఐదు, ఇలా అది కంగారు పడకముందే తిరిగి వస్తూ సమయం పెంచండి.

ఎనిమిది నెలల నుంచి రెండేళ్ల మధ్య వయసులో నేర్చినదంతా మరచినట్లు ప్రవర్తించే దశ ఒకటి వస్తుంది. ఎందరో నిరాశపడి కుక్కను వదులుకోవాలనుకునేది అప్పుడే. పాఠాలను మళ్లీ మొదటినుంచి, సులభంగా చేసి చెప్పండి. నిలకడ తిరిగి వస్తుంది.

ఒంటి సంగతులకు వస్తే, పైన గరుకైన బొచ్చు, లోపల మెత్తని దట్టమైన పొర ఉంటాయి. లోపలి పొర రాలే కాలంలో రోజూ, మిగతా రోజుల్లో వారానికొకసారి దువ్వితే సరిపోతుంది.

వినికిడి విషయం మాత్రం జాగ్రత్తగా చూడాలి. ఈ జాతి కుక్కపిల్లలు పుట్టేటప్పుడు, పెద్ద మచ్చలున్న చోట తప్ప, తెల్లగా ఉంటాయి. నీలి, ఎరుపు చుక్కలు తర్వాత తేలతాయి. ఆ తెల్లదనానికి సంబంధించిన జన్యువులతో ముడిపడి, ఈ జాతిలో పుట్టుకతో ఒక చెవిలోనో రెండింటిలోనో వినికిడి లేకపోవడం ఉన్నదే. కుక్కపిల్లను తీసుకునేముందు వినికిడి పరీక్ష చేయించారా, చూపును క్రమంగా పోగొట్టే రెటీనా క్షీణతకు తల్లిదండ్రులకు జన్యుపరీక్ష జరిగిందా అని అడగండి.

మామూలుగా ఈ కుక్కలు పన్నెండు నుంచి పదిహేనేళ్లు బతుకుతాయి. 1910లో పుట్టిన బ్లూయీ అనే క్యాటిల్ డాగ్, ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో దాదాపు ఇరవై ఏళ్లు పశువులనూ గొర్రెలనూ తోలి, 29 ఏళ్ల 5 నెలలు బతికి 1939లో మరణించినట్లు గిన్నిస్ రికార్డు చెబుతుంది. అంత వయసు మన కుక్కకు రాకపోవచ్చు గానీ, వినికిడి తగ్గే ముసలితనం రావచ్చు. అందుకే ప్రతి ఆజ్ఞకూ మాటతోపాటు ఒక చేతిసైగను మొదటి రోజునుంచే జతచేయండి. చెవులు వినపడని రోజున దూరంలో నిలబడి చెయ్యి పైకెత్తితే అది మీ దగ్గరికి రాగలుగుతుంది. నిద్రపోతున్నప్పుడు దాన్ని వెనకనుంచి తాకవద్దు. ఎదురుగా వెళ్లి, నేలను పాదంతో మెల్లగా తట్టి, అది కళ్లు తెరిచి మిమ్మల్ని చూశాకే చెయ్యి చాచండి.