గీతలు కొడుతున్న ల్యాప్‌టాప్‌ని షాపుకిచ్చే ముందు డిస్కు తీసి ఇంట్లో పెట్టండి

మిర్యాలగూడ వైపు ఫొటో స్టూడియో నడిపే దోస్తు ఒకతను పోయిన వారం ఫోన్ చేశాడు. ఆల్బమ్‌లు డిజైన్ చేసే పాత ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద పచ్చగీతలు వస్తుంటే దగ్గర్లోని షాపులో ఇచ్చాడట. షాపతను చూసి "విండోస్ కరాబైంది అన్నా, కొత్తది కొడితే సెట్ అయితది" అన్నాడు. మనోడు సరే అన్నాడు. సాయంత్రానికి ల్యాప్‌టాప్ చేతికొచ్చింది, గీతలు లేవు, డబ్బులిచ్చి ఇంటికి తెచ్చుకున్నాడు. మర్నాడు మళ్లీ అవే గీతలు. అప్పుడు ఫోల్డర్ తెరిచి చూసుకుంటే రెండు పెళ్లిళ్ల ఫొటోలు లేవు. ఆల్బమ్‌లు ఇంకా ప్రింటుకి పోలేదు, కెమెరా కార్డులేమో ఎప్పుడో ఖాళీ చేసి వేరే ఫంక్షన్లకు వాడేశారు. ఇప్పుడు ఆ పెళ్లివాళ్లకు ఏం చెప్పాలో తెలియక ఫోన్ ఎత్తడం లేదు పాపం.

చెడిపోయింది గ్రాఫిక్స్ కార్డు, అంటే తెర మీద బొమ్మ తయారుచేసే చిప్పు. ఫొటోలు పోయింది ఫార్మాట్ వల్ల, అంటే కొత్త విండోస్ వేయడానికి డిస్కు తుడిచేయడం వల్ల. ఇలా పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను. ఇంకొన్నాళ్లలో ఎండలు ముదురుతాయి, మే వచ్చిందంటే నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో 44, 45 డిగ్రీలు మనకు కొత్తేం కాదు. పెళ్లి ఆల్బమ్‌ల పని, ఎప్‌సెట్ హాల్‌టికెట్లు, డిగ్రీ సీట్ల కోసం దోస్త్ రిజిస్ట్రేషన్లు కూడా సరిగ్గా అప్పుడే మీద పడతాయి. ఐదారేళ్లు దాటిన ల్యాప్‌టాప్ చేతులెత్తేసేది కూడా ఆ రోజుల్లోనే. పరుపు మీద పెట్టి వాడొద్దు, దుమ్ము తుడుచుకోండి, ఇలాంటివి నేను చెప్పను, అందరికీ తెలిసినవే.

ముందు జబ్బు ఎక్కడుందో చూడండి

గీతలు వచ్చిన ప్రతిసారీ గ్రాఫిక్స్ కార్డే పోయిందని కాదు. హెచ్‌డీఎంఐ వైరుతో ఇంట్లో టీవీకి కలపండి. టీవీ బాగా వచ్చి ల్యాప్‌టాప్ తెర మీద మాత్రమే గీతలుంటే ఎక్కువసార్లు అది ప్యానెల్ తప్పు, లేదంటే లోపలి కేబుల్ తప్పు. మూత ముందుకీ వెనక్కీ కదిపినప్పుడు గీతలు మారుతుంటే కేబుల్ మీదే అనుమానపడాలి. రెండింట్లోనూ ఒకేలా గీతలొస్తే కార్డు వైపు చూడాలి. గీతలున్నప్పుడే స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కి పంపుకోండి, ఫోన్‌లో కూడా గీతలు కనిపిస్తే ప్యానెల్‌ది తప్పు కాదని తేలిపోయినట్టే. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉందంటే మాత్రం కార్డు మంచిదని అనుకోవద్దు, దాంతో ఏమీ తేలదు.

అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు ఒకటుంది. ఆన్ చేయగానే విండోస్ ఇంకా మొదలు కాకముందే కంపెనీ లోగో వస్తుంది చూడండి, ఆ లోగో మీదే గీతలుంటే అది హార్డ్‌వేర్ జబ్బు. విండోస్ అప్పటికి లేవనేలేదు, దాన్ని మార్చి ఏం లాభం? విండోస్ కంటే ముందే తెరుచుకునే బయాస్ సెట్టింగుల తెరలో చుక్కలు, గీతలు కనిపించినా అంతే. షాపతను ఇది చూసి కూడా విండోస్ కొడతానంటే ల్యాప్‌టాప్ తీసుకుని వచ్చేయండి.

రెండు గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లు, అంటే ప్రాసెసర్‌లో ఒకటీ ఎన్‌విడియాదో ఏఎండీదో విడిగా ఇంకొకటీ ఉన్నవి, కొంచెం తికమక పెడతాయి. వాటిలో చాలావరకు మామూలు పని అంతా ప్రాసెసర్‌లోని చిన్నదే చూసుకుంటుంది కాబట్టి బ్రౌజర్ బాగానే ఉంటుంది, వీడియో ఎడిటింగ్ చేసే ప్రీమియర్ తెరిచినా గేమ్ పెట్టినా తెర కదలకుండా ఆగిపోతుంది, లేదా వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ అని నీలం తెర వస్తుంది. డివైస్ మేనేజర్‌లో కార్డు పక్కన పసుపు గుర్తు, లోపల కోడ్ 43 అని కనిపించినా కార్డు మీద అనుమానపడొచ్చు, అయితే కోడ్ 43 ఒక్కోసారి డ్రైవర్ గొడవ వల్ల కూడా వస్తుంది. ర్యామ్ పాడైనా తెర ఇలాగే పిచ్చిగా ఆడుతుంది, ముందు ర్యామ్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టించి చూడమనండి. అది ఐదు నిమిషాల పని.

ఫార్మాట్ ఎందుకు మోసం చేస్తుంది

దీన్ని కాస్త ఓపిగ్గా చదవండి. విండోస్ కొత్తగా వేసినప్పుడు అందులో కార్డు కంపెనీ డ్రైవర్ ఉండదు, మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అనే సాదా డ్రైవర్‌తో బొమ్మ చూపిస్తుంది. అప్పుడు కార్డు మీద బరువు పడదు, కాబట్టి గీతలు తగ్గొచ్చు, నీలం తెరలు ఆగిపోవచ్చు. షాపులో ఆన్ చేసి చూపిస్తే అంతా బాగానే ఉంటుంది. ఇంటికొచ్చి వైఫైకి కలిపారంటే విండోస్ అప్‌డేట్ తనంతట తానే అసలు డ్రైవర్ దించుతుంది, కార్డు పూర్తి పనిలోకి దిగుతుంది, జబ్బు మళ్లీ బయటపడుతుంది. షాపతను అబద్ధమాడి ఉండకపోవచ్చు, నిజంగానే బాగైందనుకుని ఉంటాడు. కానీ మధ్యలో మీ డిస్కు తుడిచిపెట్టుకుపోయింది.

పాత హార్డ్ డిస్కు అయితే క్విక్ ఫార్మాట్ తర్వాత కూడా రికవరీలో కొంత తిరిగి రావచ్చు. ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పులతో చేసిన డిస్కు, అలా కాదు. స్పీడ్ కోసం మనలో చాలామంది పాత ల్యాప్‌టాప్‌కి ఎస్ఎస్‌డీ వేయించుకున్నాం కదా, ఫార్మాట్ అవుతుండగానే విండోస్ దానికి ట్రిమ్ అనే ఆదేశం పంపిస్తుంది, ఖాళీ అయిన చోటంతా నిజంగానే తుడిచేయమని. ఆ తర్వాత రికవరీ సాఫ్ట్‌వేర్లు ఎన్ని తిప్పినా వచ్చేది దాదాపు సున్నా. మా దోస్తుకు జరిగింది ఇదే.

కాబట్టి మళ్లీ చెబుతున్నా, డిస్కు తీయకుండా ల్యాప్‌టాప్‌ని షాపుకివ్వొద్దు. గ్రాఫిక్స్ కార్డు పోతే డేటాకు ఏమీ కాదు, అది డిస్కులో భద్రంగానే ఉంటుంది. దాన్ని పోగొట్టేది మన తొందరే.

తీయడం పెద్ద విద్యేం కాదు. ఆఫ్ చేసి, ఛార్జర్ పీకేసి, బ్యాటరీ ఊడొచ్చేదైతే ఊడదీసి, లోపల బిగించిన రకమైతే దాని కనెక్టర్ వదులు చేసి, అప్పుడు డిస్కు ముట్టుకోవాలి. రెండున్నర అంగుళాల డిస్కు అయితే యూఎస్‌బీ కేబుల్ ఒకటి కొన్ని వందల రూపాయల్లో వస్తుంది, వేరే కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్‌లా తగిలించి కాపీ చేసుకోవచ్చు. సన్నటి పట్టీలాంటి ఎం డాట్ 2 రకంలో మాత్రం సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలు, వాటిని యూఎస్‌బీకి కలిపే డబ్బాలూ వేరు. డిస్కు ఫొటో తీసి చూపించి కొనండి. విప్పడం చేతకాకపోతే షాపులోనే, మీరు నిలబడి ఉండగా, తీయించుకుని జేబులో వేసుకోండి. మెషిన్ పరీక్షించడానికి వాళ్ల దగ్గర వేరే డిస్కు ఉంటుంది, లేకపోతే అది షాపే కాదు.

కొన్ని సన్నటి మోడళ్లలో స్టోరేజీ బోర్డుకే అతికించి ఉంటుంది, తీయడానికి రాదు. అలాంటివాళ్లు ఆన్ అయిన మొదటి అవకాశంలోనే బయటి డిస్కుకి కాపీ చేసుకోవాలి. మామూలుగా తెరుచుకోకపోతే సేఫ్ మోడ్‌లో ప్రయత్నించండి, అక్కడ కూడా సాదా డ్రైవరే నడుస్తుంది కాబట్టి చాలాసార్లు కాపీ అయ్యేంతసేపు నిలబడుతుంది.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మీ విండోస్‌లో డిస్కుకి తాళం వేసే డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ బిట్‌లాకర్ గానీ ఆన్ అయి ఉందేమో సెట్టింగ్స్‌లో చూడండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయినవాళ్లకు మనకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. ఆన్‌లో ఉండగా డిస్కు వేరే కంప్యూటర్‌కి తగిలించినా, మదర్‌బోర్డు మార్చినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. లేకపోతే తెరుచుకోదు, ఎంత పెద్ద నిపుణుడి దగ్గరికి పోయినా అంతే. ఆ కీ చాలావరకు మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, తెర పనిచేస్తుండగానే కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

హీట్ కొట్టించడం

"చిప్పుకి హీట్ కొడితే లేస్తది" అనే మాట మీరూ వినే ఉంటారు. లేస్తుంది, నిజమే. చిప్పులో సిలికాన్ ముక్కకీ దాని కింద పలకకీ మధ్య కంటికి ఆనని సోల్డర్ బొడిపెలుంటాయి, ఆ పలకకీ బోర్డుకీ మధ్య ఇంకో వరుస గుండ్లుంటాయి. వేడెక్కడం, చల్లారడం, మళ్లీ వేడెక్కడం, ఇలా ఏళ్ల తరబడి జరిగితే అక్కడ చీలికలొస్తాయి. హీట్ గన్ పెడితే చీలిక కాసేపు అతుక్కుంటుంది, మళ్లీ విడిపోతుంది. జ్వరానికి గోలీ వేసినట్టే, దిగుతుంది, రోగం పోదు. రీబాల్ చేస్తే, అంటే చిప్పు ఊడదీసి మళ్లీ అతికిస్తే, కింది వరుస గుండ్లు కొత్తవి పడతాయి కానీ చాలా చిప్పుల్లో తప్పు పై వరుసలో, చిప్పు లోపలే ఉంటుంది, అక్కడికి రీబాల్ చేరదు. చిప్పునే కొత్తది వేస్తే తప్ప నిలవదు.

చిప్పులోనే తప్పుంటుందనేది మన షాపుల్లో పుట్టిన మాట కాదు. 2008 జూలైలో ఎన్‌విడియా తన కొన్ని ల్యాప్‌టాప్ చిప్పుల్లో ప్యాకేజింగ్ పదార్థం బలహీనంగా ఉందని ఒప్పుకుని 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. 2011 మ్యాక్‌బుక్ ప్రోలలో కొన్నింటికి ఇలాంటి వీడియో సమస్యలొస్తే ఆపిల్ 2015 ఫిబ్రవరిలో ఉచిత రిపేరు ప్రకటించింది. అంత పెద్ద కంపెనీలకే తప్పలేదు, మూల మీది షాపులో హీట్ గన్‌తో శాశ్వతంగా బాగవుతుందా?

డిస్కు కాపీ చేయడానికి ఇంకే దారీ లేక ఒక్కసారి లేపుకోవాలంటే వేరే సంగతి. లేచింది కదా అని మళ్లీ పని మొదలుపెడితే మాత్రం అది మీ ఇష్టం, నేనైతే చెప్పాను.

ఈ సీజన్ గడిస్తే చాలనుకునేవాళ్లు

డేటా బయటికొచ్చేసింది, కొత్తది కొనడానికి ఇంకా టైమ్ ఉంది అనుకుందాం. రెండు గ్రాఫిక్స్ ఉన్నదైతే డివైస్ మేనేజర్‌లో పెద్ద కార్డుని డిసేబుల్ చేయండి, చిన్నదాంతో దరఖాస్తులు, టైపింగ్, బిల్లులు హాయిగా నడుస్తాయి. ఫొటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్ టిక్కు తీసేయండి, ప్రీమియర్‌లో రెండరర్‌ని సాఫ్ట్‌వేర్ ఓన్లీకి మార్చండి. రెండరింగ్ నత్తలా సాగుతుంది, తిట్టుకుంటూ చేసుకోవాల్సిందే. పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతానికి తగ్గిస్తే టర్బో, అంటే ప్రాసెసర్ అదనపు వేగం, ఆగి వేడి బాగా తగ్గుతుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా బరువైన పని పెట్టకండి, రాత్రి చేసుకోండి. గది వేడి పెరిగిన కొద్దీ చిప్పు వేడి కూడా దాని మీద ఎక్కుతుంది.

ఇక మిగతావి, వరుస లేకుండా:

ఎయిర్ కూలర్ గాలి నేరుగా ల్యాప్‌టాప్‌కి తగిలేలా పెట్టొద్దు. అది తడి గాలి, లోపలున్న దుమ్ముతో కలిసి ముద్దవుతుంది.

బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి. వదిలేస్తే పిచ్చిగా తిరిగి బేరింగ్ పోతుంది.

చిప్పు వేడిని లాగే థర్మల్ పేస్టు మార్పించండి, కానీ మెత్తటి థర్మల్ ప్యాడ్ ఉన్న చోట పేస్టు పూయనివ్వొద్దు. ప్యాడ్ మందం కొలతతో ఉంటుంది, పేస్టు ఆ సందుని నింపలేదు.

కార్డు ఎంతవరకు తట్టుకుంటుందో చూద్దామని స్ట్రెస్ టెస్టులు పెట్టొద్దు. చచ్చేదాన్ని చంపి చూడటమే అది.

బయాస్ అప్‌డేట్ వద్దు. మధ్యలో మెషిన్ ఆగితే బోర్డు కూడా పోతుంది.

డేటా తీసేదాకా డ్రైవర్ అప్‌డేట్ కూడా వద్దు.

టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు ఉబ్బినా బ్యాటరీ ఉబ్బినట్టు. ఆ క్షణమే ఆపేయండి. నొక్కొద్దు, గుచ్చొద్దు, పిల్లల దగ్గర ఉంచొద్దు.

బ్యాటరీ లోపల ఉండగా హీట్ గన్ పెట్టేవాడి దగ్గర నిలబడను కూడా నిలబడొద్దు.

వంటింటి ఓవెన్‌లో బోర్డు పెట్టే వీడియోలు చూశారా? మర్చిపోండి. ఆ ఓవెన్‌లో మళ్లీ తినేది వండుకోవాలి.

బ్యాటరీ పూర్తిగా పోయిన ల్యాప్‌టాప్‌ని ఇన్వర్టర్ లేకుండా వాడొద్దు, కరెంటు పోయిన ప్రతిసారీ రాస్తున్న ఫైల్ మీద దెబ్బ పడుతుంది.

పాత బోర్డు దొరుకుతుందని సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి పోయేవాళ్లు మీ బోర్డు మీద ముద్రించిన పూర్తి నంబర్ ఫొటో తీసుకుని పోండి, ల్యాప్‌టాప్ పేరు ఒక్కటే చెబితే వేరేది అంటగడతారు. వారంటీ ఎన్ని రోజులో బిల్లు మీద రాయించండి. ఏడెనిమిదేళ్ల మెషిన్‌కి బోర్డు మార్పించడం నా లెక్కలో దండగ, ఆ డబ్బుకి ఇంకొంత కలిపితే సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ వస్తుంది, అందులో కార్డు పోతే కార్డు ఒక్కటే మార్చుకోవచ్చు.

ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేటప్పుడు కూడా డిస్కు తీసే ఇవ్వండి. డిస్కు లేదని రేటు తగ్గిస్తే తగ్గించనీ.

షాపతను "డేటాకి నాది గ్యారంటీ అన్నా, ఏం గాదు" అంటే, సరే తమ్మీ, నీ గ్యారంటీ నీ దగ్గరే ఉంచుకో, డిస్కు నా చేతిలో పెట్టు అనండి.