వెనకబెంచీకీ అదే ప్రశ్నపత్రం: హైస్కూలు టీచర్ల కోసం

విశాఖ బడుల్లో జాలరిపేట పిల్లలు, పాడేరు, అరకు వైపు నుంచి హాస్టళ్లకొచ్చిన గిరిజన పిల్లలు, తమ ఇంట్లో తొలిసారి హైస్కూలు గడప తొక్కిన దళిత పిల్లలు ఒకే తరగతిలో కూర్చుంటారు. జాలిపడి వీళ్లకు బిట్లే బట్టీ పట్టించి, "35 వస్తే చాల్లే" అనేస్తారు చాలామంది. ఆ జాలే వాళ్లను ముంచుతుంది. పెద్ద జవాబు రాసే అలవాటు లేని పిల్లలు ఇంటర్‌కి వెళ్లగానే చతికిలబడతారు.

ముందు అడ్డు ఎక్కడుందో తేల్చుకోండి. రాయలేకపోయిన ప్రశ్ననే నోటితో అడగండి. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలైతే ఆ భాష వచ్చిన తోటివాళ్లతో అడిగించండి. చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే, నేర్పాల్సింది రాత. వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షనూ చెబుతోంది.

సాంద్రత పాఠమే తీసుకోండి. గ్లాసుడు మంచినీళ్లలో పచ్చిగుడ్డు వేస్తే మునుగుతుంది. పావు లీటరు నీళ్లకు మూడు పెద్ద చెంచాల ఉప్పు కలిపితే తేలుతుంది. గుడ్డు తాజాది కావాలి, పాతదైతే మంచినీళ్లలోనే తేలి పాఠం చెడుతుంది. "ఎందుకు తేలింది?" అని అడిగి కనీసం 3 సెకన్లు ఆగండి. మనం మామూలుగా ఒక్క సెకను కూడా ఆగకుండా ముందు బెంచీకి వెళ్లిపోతాం. "ఉప్పునీళ్లు బరువు సార్" అని జవాబొస్తే అక్కడితో వదలొద్దు, ఎంత బరువని అడగండి. లీటరు మంచినీళ్లు సుమారు 1000 గ్రాములు, సముద్రపు నీళ్లు సుమారు 1025, మన గ్లాసులోని ఉప్పునీళ్లు అంతకంటే బరువు. ఈ అంకెలతో నాలుగు వాక్యాలు రాయించండి.

దిద్దేటప్పుడు తప్పులజవాబుకి "శభాష్" రాయకండి. తమ మీద ఆశ వదిలేశారని పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. అమెరికాలో 2014లో వెలువడిన ఒక పరిశోధనలో ఏడో తరగతి వ్యాసాలు దిద్ది, కొందరికి "నీ మీద నాకు పెద్ద ఆశలున్నాయి, నువ్వు అందుకోగలవు, అందుకే ఇవి రాస్తున్నా" అనే చీటీ, మిగతావాళ్లకు మామూలు చీటీ జతచేశారు. మామూలు చీటీ అందుకున్న నల్లజాతి పిల్లల్లో వ్యాసం తిరగరాసింది 17 శాతమే, ఈ చీటీ అందినవాళ్లలో 70 శాతం దాటారు. అయితే చీటీ ఒక్కటే ఇస్తే పనిచేయదు, దిద్దుబాటు నిజంగా ఉండాలి: ఏ వాక్యంలో కారణం తప్పింది, ఏ అంకె చేర్చాలి.

తిరగరాయడానికి తరగతిలోనే 20 నిమిషాలివ్వండి. బడి అయ్యాక చేపల పనికో, తమ్ముళ్లను చూసుకోడానికో వెళ్లే పిల్లలకు ఇంట్లో తీరికుండదు. ఎవరి పేపరో తెలిసి మార్కులు మారకుండా, పేర్లు కనబడకుండా మడిచి, అందరి మొదటి ప్రశ్న జవాబులూ ఒకేసారి దిద్ది, ఆ తర్వాతే రెండో ప్రశ్నకి వెళ్లండి.