గీతలు పడ్డ పాత యాక్రిలిక్ అక్వేరియం: కొనడం నుంచి నీళ్లు నింపడం దాకా

విజయవాడలో మాది నేమ్‌బోర్డుల షాపు. గాజులా కనిపించే ప్లాస్టిక్ అయిన యాక్రిలిక్ షీట్ కొయ్యడం, అతికించడం, బఫింగ్ పట్టడం (రుద్ది మెరుపు తేవడం) మాకు రోజువారీ పని. ఆ సంగతి తెలిసి, సెకండ్ హ్యాండ్‌లో యాక్రిలిక్ ట్యాంకు కొన్నవాళ్లు గీతలు తీసిపెట్టమని మా దగ్గరికి తెస్తుంటారు. చేసిపెడతాను. అయితే ఇది మీ వరండాలో మీరే చేసుకోగలిగిన పని అని ముందే చెప్తాను. మెషిన్ లేకపోయినా పర్వాలేదు. వాటర్ పేపర్లు, అంటే నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితాలు, వరస తప్పకుండా వాడాలి, ఒక్కో పేపర్ దగ్గర ఓపిక పట్టాలి.

ఇప్పుడు మా బల్ల మీదున్న ట్యాంకునే ఉదాహరణగా తీసుకుంటాను. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, 12 ఎంఎం షీట్. ఒక హోటల్ రిసెప్షన్‌లో ఉండేదట. ముందు పలక నిండా ఎవరో పచ్చ స్క్రబ్బర్‌తో తోమిన గుండ్రటి గీతలు. లోపలివైపు, ఇసుక మట్టానికి కాస్త పైన, మాగ్నెట్ క్లీనర్‌లో (బయటి నుంచి అయస్కాంతంతో కదుపుతూ లోపలి పాచి తుడిచే ప్యాడ్) ఇసుక రేణువు ఇరుక్కుని లాగిన లోతైన చారలు.

కొనేటప్పుడు గీతల్ని చూసి బెదరకండి. గీత పోతుంది, నెర్రె పోదు. ఫోన్ టార్చ్‌ని మూలల వెంబడి, పై అంచు పట్టీ వెంబడి పక్క నుంచి వేసి చూడండి. ఎండిన చెరువు మట్టిలో నెర్రెల్లా, కాకపోతే వెంట్రుకంత సన్నగా, షీట్ లోపల తళుక్కుమనే పగుళ్లు కనిపిస్తే ఆ ట్యాంకు వద్దు. నీటి బరువుకో, అతికించినప్పటి ఒత్తిడికో బిగుసుకుని ఉన్న షీట్‌కి స్పిరిటో, థిన్నరో, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనరో తగిలితే అలా అవుతుంది. ఎంత రుద్దినా అవి పోవు, రోజులు గడిచేకొద్దీ పెరుగుతాయి. అతుకుల్లో అక్కడొకటి ఇక్కడొకటి చిన్న బుడగ ఉంటే భయం లేదు. బుడగలు వరసగా కలిసిపోయి అంచుదాకా వచ్చాయంటే మాత్రం నీళ్లకి దారి దొరికినట్టే. పై పట్టీ విరిగినా, ఎవరైనా కోసేసినా కూడా వదిలెయ్యండి. పలకలు ముందుకు పొంగకుండా పట్టి ఉంచేది అదే. అడుగున్నర ఎత్తు ట్యాంకుకి 10 ఎంఎం కంటే పల్చటి షీట్ వాడి ఉంటే నేనైతే తీసుకోను.

ఇంటికి తెచ్చాక వెంటనే పేపర్ పట్టకూడదు. మన బోరు నీళ్ల ఉప్పు తెల్లగా పేరుకుని ఉంటుంది. దాని మీదే రుద్దితే ఆ గట్టి పొర రేణువులే కొత్త గీతలు పెడతాయి. తెల్ల వెనిగర్‌లో గానీ, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో గానీ టిష్యూ పేపర్లు తడిపి ఆ మరకల మీద అంటించి, కొన్ని గంటలు ఆరకుండా ఉంచండి. మెత్తబడ్డాక పాత ఏటీఎం కార్డు అంచుతో గీకితే వచ్చేస్తుంది. బ్లేడు, స్టీలు పీచు, పచ్చ స్క్రబ్బర్ దగ్గరికి రానివ్వద్దు. అసిటోన్ అయితే యాక్రిలిక్‌ని ఏకంగా కరిగించేస్తుంది.

తర్వాత ట్యాంకు పూర్తిగా ఆరనిచ్చి గీతల్ని చూడాలి. తడిగా ఉంటే గీతలు దాక్కుంటాయి. కాంతి ఎంత వంగుతుందో చెప్పే వక్రీభవన గుణకం గాలికి 1, నీటికి 1.33, యాక్రిలిక్‌కి 1.49. నీటికీ యాక్రిలిక్‌కీ తేడా తక్కువ కాబట్టి గీతలో నీళ్లు నిండితే అది సగం మాయమవుతుంది. దీనివల్ల మనకొక లాభం కూడా ఉంది. లోపలి గీతలు ట్యాంకు నిండాక ఎలాగూ మసకబారతాయి, బయటి గీతలే కంటికి కొడతాయి. మీ ఓపికలో ఎక్కువ భాగం బయటి ముఖానికి ఖర్చు పెట్టండి.

గీత మీద అడ్డంగా గోరు లాగండి. పేపర్ నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. గోరు తగలకపోతే 1500 పేపర్‌తో మొదలుపెడితే చాలు. కాస్త తగిలితే 800. గోరు ఆగిపోతే 400. లోపలివైపు మరీ లోతైనది ఒకటి రెండు ఉంటే దాన్ని పూర్తిగా తియ్యాలన్న పంతం వద్దు, అంచులు మెత్తబడేలా చేసి వదిలేస్తే నీళ్లు నిండాక పెద్దగా కనపడదు. అవసరమైన దానికంటే గరుకు పేపర్‌తో మొదలుపెడితే ఆ పేపర్ పెట్టిన గీతలు పోగొట్టడానికే సగం రోజు పోతుంది.

పేపర్లు కార్ల పెయింటింగ్ సామాను అమ్మే షాపుల్లో దొరుకుతాయి. వాటర్ పేపర్ అని అడగండి. 400, 600, 800, 1000, 1500, 2000, చివరికి 3000. చేతి వేళ్లతో నొక్కి రుద్దొద్దు, వేళ్ల కింద గాడి పడుతుంది. రబ్బరు బ్లాకుకి గానీ గట్టి స్పాంజి ముక్కకి గానీ పేపర్ చుట్టండి. అతుకుల మీద మాస్కింగ్ టేప్ వెయ్యండి. గీత ఉన్నచోట మాత్రమే రుద్దితే అక్కడ గుంట పడి, దాని వెనక ఈదే చేప వంకరగా కనిపిస్తుంది. గీతకి అన్నివైపులా జానెడు మేర కలుపుకుని, అంచులకి వెళ్లేకొద్దీ ఒత్తిడి తగ్గిస్తూ రుద్దాలి. ముందు పలక నిండా గీతలుంటే పలకంతా చెయ్యడమే మేలు.

అసలు కిటుకు దిశలో ఉంది. 800 పేపర్ అడ్డంగా రుద్దారనుకోండి, 1000 నిలువుగా రుద్దాలి, 1500 మళ్లీ అడ్డంగా. అప్పుడు అడ్డగీతలన్నీ పోయి నిలువు గీతలే మిగిలాయా లేదా అన్నది కంటికే తెలుస్తుంది. ఒక్క అడ్డగీత మిగిలినా తర్వాతి పేపర్‌కి వెళ్లొద్దు. చివర్లో పాలిష్ చేశాక ట్యాంకు మబ్బుగా ఉందని నా దగ్గరికి తెచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే తొందరపడి ఉంటారు. 2000 దగ్గర కనపడని 800 గీత, మెరుపు వచ్చాక తేలుతుంది. అప్పుడు మళ్లీ వెనక్కి వెళ్లడం తప్ప మార్గం లేదు.

నీళ్లు ధారాళంగా వాడండి. పేపర్ మార్చిన ప్రతిసారీ ట్యాంకు, బ్లాకు, చేతులు కడిగి, బకెట్‌లో నీళ్లు పారబోసి కొత్తవి పట్టండి. 400 పేపర్ నుంచి రాలిన ఒక్క రేణువు 2000 కింద చిక్కుకుంటే చాలు. మధ్యమధ్యలో గుడ్డతో అద్ది, ఆరనిచ్చి, టార్చ్ పక్క నుంచి వేసి చూస్తుండండి. మన ఏప్రిల్ ఎండలో ఈ పని పెట్టుకోవద్దు, నీళ్లు నిమిషంలో ఆరిపోతాయి.

3000 అయ్యేసరికి పలక పల్చటి పాల పొరలా కనిపిస్తుంది. బయటివైపుకి ప్లాస్టిక్ పాలిష్ వాడండి. నోవస్ అనే బ్రాండ్ పాలిష్ దొరికితే అందులో 2 నంబరు మంచిది. 3 నంబరు గరుకుది, పేపర్ పని సరిగ్గా చేసినవాళ్లకి దాని అవసరం రాదు. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో చేత్తో రుద్దినా మెరుపు వస్తుంది. డ్రిల్లుకి కాటన్ ప్యాడ్ తగిలించి చేస్తే స్పీడు తక్కువగా ఉంచి, ఒకేచోట ఆపకుండా కదుపుతూ ఉండాలి. యాక్రిలిక్ సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది, రాపిడి వేడికి అంతదాకా వెళ్లడం ఎంతోసేపు పట్టదు. చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉన్నప్పుడే ఆగండి. లోపలివైపు నేను 3000తో ఆపేస్తాను, పాలిష్ పెట్టను. చేపలు బతికే చోట మైనం, సిలికాన్ లాంటివి ఎందుకు? మిగతా పని నీళ్లు చూసుకుంటాయి.

మా వృత్తిలో అక్షరాల అంచులు మెరిపించడానికి గ్యాస్ మంట చూపిస్తాం. ఎవరైనా మీ ట్యాంకుకి అలా చేస్తామంటే ఒప్పుకోకండి. మంట తగిలినచోట షీట్‌లో ఒత్తిడి మిగిలిపోతుంది, ముందు చెప్పిన నెర్రెలు అక్కడే మొదలవుతాయి. అలాగే కారే అతుకుకి గాజు ట్యాంకుల సిలికాన్ పూస్తే లాభం లేదు, అది యాక్రిలిక్‌ని గట్టిగా పట్టుకోదు. యాక్రిలిక్‌ని యాక్రిలిక్ సిమెంట్ అనే ప్రత్యేక జిగురుతోనే అతికించాలి. ఆ ఆవిరి మంచిది కాదు కనుక తెలిసినవాళ్లకే వదలండి. అడుగు అతుకు కారుతుంటే నేను రిపేరు చెయ్యను, మొక్కలు పెంచుకోమని చెప్తాను.

దుబాయ్ మాల్ అక్వేరియం ముందు పలక కూడా యాక్రిలిక్కే, మందం 750 మిల్లీమీటర్లు. అంత మందంలోంచి చేపలు అంత తేటగా కనిపించడం ఈ పదార్థం గొప్పతనం. మీ 12 ఎంఎం పలక మీద పేపర్ పని తినేది చాలా పల్చటి పొర. బలం తగ్గుతుందని టెన్షన్ పడొద్దు.

నీళ్ల పరీక్ష మాత్రం వదలొద్దు. ఈ నాలుగడుగుల ట్యాంకు నిండితే సుమారు 255 లీటర్లు, అంటే నీళ్లే పావు టన్ను. అడుగు పలక మొత్తం ఆనేలా, మట్టంగా ఉన్న ప్లైవుడ్ మీద పెట్టి, అతుకుల కింద పొడి న్యూస్‌పేపర్ పరవండి. మూడో వంతు నింపి ఒక రాత్రి, సగం నింపి ఒక రాత్రి, పూర్తిగా నింపి రెండు మూడు రోజులు చూడండి. పేపర్ తడిసిందంటే ఆ అతుకు దగ్గర గుర్తు పెట్టుకోండి. ముందు పలక కొద్దిగా పొంగడం సహజం, రోజురోజుకీ పెరుగుతుంటేనే ఆలోచించాలి.

చేపలు వేశాక పొడిగుడ్డతో దుమ్ము తుడవకండి. యాక్రిలిక్‌కి స్టాటిక్ పట్టి దుమ్ము అతుక్కుంటుంది, దాన్ని రుద్దితే అదే గీత. ముందు తడిపి, తర్వాత మైక్రోఫైబర్. మాగ్నెట్ క్లీనర్ యాక్రిలిక్‌కి పనికొచ్చేదే కొని, వాడే ముందు ప్రతిసారీ దాని ప్యాడ్ కడగండి. ఇసుక మట్టానికి రెండు అంగుళాల పైనే దాన్ని ఆపేసి, ఆ కింద పాచిని ఏటీఎం కార్డుతో తీసుకోండి.