విలువల ఆచరణ – నాలుగో పాఠం: రెండు విలువలు ఎదురుపడిన చోట

గత మూడు పాఠాల అభ్యాసం పూర్తిచేసినవారి దగ్గర ఇప్పటికి ఒక కాగితం సిద్ధంగా ఉండాలి. ముఖ్యమని తోచిన విలువలన్నింటినీ ముందు ధారాళంగా రాసుకుని, నలుగురూ మెచ్చుకుంటారని చేర్చినవాటిని కొట్టివేసి, చివరకు ఐదింటిని మిగుల్చుకున్నాం. ఒక్కొక్క విలువ పక్కన అది చేతల్లో ఎలా కనిపిస్తుందో చెప్పే వాక్యం కూడా రాసుకున్నాం. ‘నిజాయతీ’ అన్న మాటతో ఆగకుండా ‘నా వల్ల మరొకరికి నష్టం జరిగితే వారు అడగకముందే చెబుతాను’ అని రాయడం ఆ అభ్యాసంలోని కీలకం. ఆ కాగితాన్ని పక్కన పెట్టుకుని ఈ పాఠం మొదలుపెట్టండి. అది లేకపోయినా పాఠం అర్థమవుతుంది గానీ అభ్యాసం సాగదు.

ఇంతవరకు ఒక్కొక్క విలువనూ విడిగా పరిశీలించాం. విడిగా చూసినంతసేపు ఏ విలువను పాటించడమూ కష్టమనిపించదు. నిజం చెప్పాలని అందరికీ ఉంటుంది, ఎవరినీ నొప్పించకూడదనీ ఉంటుంది. కష్టమంతా నిజం చెబితే ఎదుటి మనిషి నొచ్చుకునే సందర్భంలోనే వస్తుంది. ‘నా విలువల ప్రకారం బతకలేకపోతున్నాను’ అని బాధపడేవారిలో చాలామంది నిజానికి విలువ లేక తప్పినవారు కారు. ఒక విలువను నిలబెట్టుకోవడానికి మరో విలువను వదులుకుని, ఆ సంగతి తమకే తెలియనివారు. ఈ వారం నేర్చుకోవలసిన నైపుణ్యం ఒక్కటే: ఒక విలువ ఓడిపోయిన ప్రతిచోటా, దాన్ని ఓడించినది ఏమిటో గుర్తుపట్టడం.

విలువలు ఒకదానికొకటి అడ్డు తగలడం మన ఒక్కరి బలహీనత కాదు, వాటి స్వభావమే అది. సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త షాలోమ్ ష్వార్ట్జ్ 20 దేశాల్లో సేకరించిన సమాచారం ఆధారంగా 1992లో పది మౌలిక విలువలను ప్రతిపాదించి, వాటిని ఒక వలయంగా అమర్చాడు. ఆ అమరికలో పక్కపక్కన ఉన్నవి సులువుగా కలిసి నడుస్తాయి, ఎదురెదురుగా ఉన్నవి తరచుగా ఘర్షణ పడతాయి. సొంతంగా ఆలోచించి నిర్ణయించుకోవాలన్న కోరికకు ఎదురుగా భద్రత, కట్టుబాటు, సంప్రదాయం ఉంటాయి. అందరి మేలు కోరే తత్త్వానికి ఎదురుగా వ్యక్తిగత విజయం, అధికారం ఉంటాయి. మీ ఐదు విలువలలో ‘స్వతంత్రంగా నిర్ణయించుకోవడం’, ‘పెద్దల మాటకు గౌరవం ఇవ్వడం’ రెండూ ఉంటే, జీవితంలో ఏదో ఒక మలుపులో ఆ రెండూ మిమ్మల్ని చెరోవైపు లాగుతాయని ముందే తెలుసుకోవచ్చు. ఆ కారణంతో ఒకదాన్ని జాబితా నుంచి తీసివేయవలసిన పనిలేదు. రెండూ నిజంగా మీవే అయినప్పుడు ఒకదాన్ని దాచిపెట్టడం మిమ్మల్ని మీరు మభ్యపెట్టుకోవడమే అవుతుంది.

ఇక అభ్యాసంలోకి వద్దాం. ఈ వారమంతా ప్రతి రాత్రి ఆ రోజు జరిగిన ఒక్క సంఘటనను ఎంచుకుని నాలుగు వాక్యాలు రాయండి. మొదటి వాక్యంలో జరిగినది జరిగినట్టు, ఎలాంటి తీర్పూ లేకుండా రాయాలి. రెండో వాక్యంలో మీ ఐదు విలువలలో ఏది పక్కకు తప్పుకుందో రాయాలి. మూడో వాక్యంలో దాని స్థానంలో నిలిచినది ఏమిటో, నాలుగో వాక్యంలో అందుకు ఎవరు ఏం నష్టపోయారో రాయాలి. నష్టపోయినది మీరే కావచ్చు, మరొకరు కావచ్చు. మూడో వాక్యం రాయడానికి మిగిలిన మూడింటికీ కలిపి పట్టినంత సమయం పట్టినా తొందరపడకండి, ఈ పాఠం సారమంతా అక్కడే ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కుటుంబంతో గడపడాన్ని తన మొదటి విలువగా రాసుకున్న ఒక ఉద్యోగిని, వారంలో చాలా సాయంత్రాలు పని ముగిశాక కూడా కార్యాలయంలోనే ఉండిపోతున్నదనుకోండి. పైపైన చూస్తే ఆమె రాసుకున్నదానికీ చేస్తున్నదానికీ పొంతన లేదు. మూడో వాక్యం దగ్గర కాసేపు ఆగితే ఒక్కో సాయంత్రానికి ఒక్కో సమాధానం రావచ్చు. ఒకరోజు, కొత్తగా చేరిన సహోద్యోగి గడువులోగా పని పూర్తిచేయలేక సతమతమవుతుంటే సాయం చేయడానికి ఆగింది. అక్కడ గెలిచినది సాటి మనిషి పట్ల బాధ్యత. మరొకరోజు, పై అధికారి ఇంకా వెళ్లలేదు గనుక తాను ముందుగా లేవడం బాగుండదని కూర్చుంది. అక్కడ గెలిచినది మొహమాటం. ఇంకొకరోజు ఇంట్లో తేల్చవలసిన ఒక ఇబ్బందికరమైన సంభాషణను వాయిదా వేయడానికి ఆగింది. అక్కడ గెలిచినది భయం. మూడు రోజులూ ఆమె ఇంటికి ఆలస్యంగానే చేరింది. కానీ ఈ మూడింటికీ ఒకే మందు పనిచేయదు. మొదటిదానికి అసలు మందే అవసరం లేకపోవచ్చు.

గెలిచినది నిజంగా విలువేనా, లేక విలువ ముసుగు వేసుకున్న మొహమాటమో భయమో అలవాటో అన్నది ఎలా తేల్చుకోవాలి? ఇందుకు నేను నమ్మదగినదిగా భావించే పరీక్ష ఒకటుంది. నాలుగో వాక్యంలో నష్టపోయినవారిగా ఎవరిని రాశారో, మూడో వాక్యంలోని కారణాన్ని వారికి ఎదురుగా కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పగలరా అని ఆలోచించండి. ‘నువ్వు ఎదురుచూస్తున్నావని తెలుసు, అయినా కొత్తగా చేరిన ఆ అమ్మాయిని అలా వదిలి రాలేకపోయాను’ అన్న మాట ఇంట్లోవారితో చెప్పుకోవచ్చు; వారు నొచ్చుకున్నా అర్థం చేసుకుంటారు. ‘అధికారి ఏమనుకుంటాడోనని కూర్చున్నాను’ అన్న మాట చెప్పడానికి నోరు రాదు, దానికి బదులు పని ఎక్కువగా ఉందని ఏదో సాకు చెబుతాం. కారణాన్ని మార్చి చెప్పాలనిపించిందంటే, గెలిచినది మన విలువ కాదని దాదాపు నిర్ధారణగా అనుకోవచ్చు. నష్టపోయినది మీరే అయినప్పుడు ఈ పరీక్ష ఇంకా కఠినంగా ఉంటుంది, ఎందుకంటే మనకు మనం చెప్పుకునే సాకులను నిలదీసేవారు ఎవరూ ఉండరు. అప్పుడు ఆ కారణాన్ని గట్టిగా పైకి చదవండి.

విలువలకు అడ్డువచ్చేవాటిలో తొందర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. విలువల గురించి ఎంత లోతుగా ఆలోచించే మనిషినైనా అది కళ్లుగప్పి దాటిపోతుంది. జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతబోధకులుగా శిక్షణ పొందుతున్న విద్యార్థులపై జరిపిన ఒక ప్రయోగాన్ని 1973లో ప్రచురించారు. విద్యార్థులు ఒక భవనం నుంచి మరో భవనానికి వెళ్లి చిన్న ప్రసంగం చేయాలి. దారిలో ఒక మనిషి తలవాల్చి, దగ్గుతూ, మూలుగుతూ పడి ఉంటాడు. కావలసినంత సమయం ఉందని చెప్పి పంపినవారిలో 63 శాతం మంది ఆగి ఏదో ఒక రూపంలో సాయం చేయబోగా, అప్పటికే ఆలస్యమైందని తొందరపెట్టి పంపినవారిలో 10 శాతం మందే ఆగారు. వారిలో కొందరు చేయబోయే ప్రసంగం, దారిలో గాయపడి ఉన్న అపరిచితుడికి సాయపడిన ఒక మనిషి గురించిన బైబిల్ కథ మీదే. ప్రసంగం ఆ కథ మీద అయినా కాకపోయినా, ఆగినవారి సంఖ్యలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఆ విద్యార్థులకు కరుణ లేదని నేను అనుకోను. ఎదురుచూస్తున్నవారికి ఇచ్చిన మాట కూడా వారికి ఒక విలువే, దాన్ని నిలబెట్టుకోవాలన్న తొందరలో రెండో విలువను తలుచుకునే వ్యవధి వారికి లేకపోయింది. మీ రాతల్లో మూడో వాక్యం దగ్గర ‘తొందర’ అన్న మాట పదేపదే వస్తుంటే విలువలను తిరగరాయకండి, దినచర్యలో కొంత ఖాళీ సంపాదించే మార్గం వెతకండి.

ఆత్మపరిశీలన అనగానే కొందరు తప్పుల పట్టిక పెట్టుకుంటారు. పద్దెనిమిదో శతాబ్దపు అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 13 సద్గుణాలను ఎంచుకుని, వారానికి ఒకదానిపై ప్రత్యేకంగా దృష్టి పెడుతూ, తప్పిన ప్రతిసారీ చిన్న పుస్తకంలో నల్లచుక్క పెట్టుకునేవాడు. ఆ పట్టుదల గౌరవించదగినదే. అయితే చుక్క తప్పును మాత్రమే చూపిస్తుంది, ఆ క్షణంలో మనిషి దేన్ని కాపాడుకోబోయాడో చెప్పదు. అందుకే ఈ పాఠంలో చుక్కలకు బదులు వాక్యాలు రాయమంటున్నాను. అంకెలు కావాలనిపించేవారు మనస్తత్వ శాస్త్రవేత్త కెల్లీ విల్సన్ బృందం రూపొందించిన పద్ధతిని వారాంతంలో ఒక్కసారి వాడుకోవచ్చు. కుటుంబం, స్నేహం, ఉద్యోగం, చదువు, ఆరోగ్యం వంటి పది రంగాలలో ప్రతిదానికీ మీ దృష్టిలో ఎంత ముఖ్యమో 1 నుంచి 10 వరకు ఒక అంకె, గడచిన వారంలో దానికి తగ్గట్టు ఎంతవరకు నడుచుకున్నారో మరో అంకె వేయాలి. రెండు అంకెల మధ్య దూరం ఎక్కువగా ఉన్న రంగమే తరువాతి వారం రాతలకు సరైన చోటు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పకుండా ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు. తన సమయం తన చేతిలో లేనివారు చాలామంది ఉన్నారు. రెండు పూటలా పనిచేస్తే తప్ప ఇల్లు గడవనివారు, మంచాన పడిన మనిషిని ఒంటరిగా చూసుకుంటున్నవారు, ఎదురు చెబితే హాని జరిగే ఇంట్లో ఉన్నవారు ఈ అభ్యాసం చేసినప్పుడు, మూడో వాక్యంలో ‘వేరే దారి లేదు’ అని రాయవలసి రావచ్చు. అది సాకు కాదు, వాస్తవం. అలాంటివారు ఆ వాక్యాన్ని అలాగే ఉంచి, ఎంచుకునే అవకాశం కొద్దిగానైనా ఉన్న మరో సంఘటన వైపు వెళ్లాలి. విలువల పరిశీలన మనిషికి ఊతం కావాలి గానీ, ఉన్న బరువుకు తోడు మరో బరువు కాకూడదు.

ఏడు రోజుల రాతలు పూర్తయ్యాక వాటిని ఒకేసారి చదవండి. రెండుసార్లకు మించి కనిపించిన జంటను, అంటే ఫలానాది ఓడి ఫలానాది గెలిచిన సందర్భాన్ని, గుర్తుపెట్టండి. ఆ ఒక్క జంటకే ఈసారి ఒక ముందస్తు నిర్ణయం రాసుకోవాలి. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గాల్విట్జర్ వివరించిన ‘ఇలా జరిగితే ఇలా చేస్తాను’ అనే వాక్య నిర్మాణం ఇందుకు ఉపయోగపడుతుంది, ఎందుకంటే అది నిర్ణయాన్ని ఒత్తిడి లేని సమయంలో తీసుకునేలా చేసి, ఒత్తిడి వేళకు చేయవలసినదాన్ని మాత్రమే మిగులుస్తుంది. ‘ఇకపై కుటుంబానికి ఎక్కువ సమయం ఇస్తాను’ అన్నది సంకల్పమే గానీ ఎప్పుడు, ఎక్కడ మొదలుపెట్టాలో అందులో లేదు. ‘నా పని ముగిశాక కూడా అధికారి కూర్చునే ఉంటే, ఆయన దగ్గరకు వెళ్లి ఈ రోజు పని ఇంతవరకు అయిందని చెప్పి బయలుదేరతాను’ అన్నదానిలో సందర్భమూ ఉంది, చేయవలసిన పనీ ఉంది, అధికారి పట్ల మర్యాదా ఉంది. ఓడిన విలువను లేపడానికి గెలిచినదాన్ని అవమానించవలసిన అవసరం లేదని ఈ ఉదాహరణలో గమనించండి.

మీరు రాసుకున్న వాక్యంలోని సందర్భం వారంలో కనీసం ఒకసారి ఎదురయ్యేదిగా ఉండాలి, చేయవలసిన పని రెండు నిమిషాల్లో ముగిసేదిగా ఉంటే మరీ మంచిది. సందర్భం వచ్చినా చేయలేకపోతే ఆ రాత్రి మళ్లీ నాలుగు వాక్యాలూ రాయండి; ఈసారి మూడో వాక్యంలో కొత్త పేరు కనిపించే అవకాశం ఉంది. ఐదో పాఠంలో, మన విలువకూ మనకు అత్యంత దగ్గరైన మనిషి విలువకూ మధ్య ఘర్షణ వచ్చినప్పుడు ఆ సంభాషణను ఎలా నడపాలో చూస్తాం. దానికోసం ఏడు రోజుల రాతలతో పాటు, మీతో కలిసి ఉండే ఒకరు తమకు ముఖ్యమని చెప్పిన మూడు విలువలను, వారిని అడిగి, వారి మాటల్లోనే రాసి సిద్ధంగా ఉంచుకోండి.