దేశదేశాల్లో కొత్త టెక్నాలజీపై జనాభిప్రాయం – 4వ పాఠం: ‘సంస్కృతి’ అనే జవాబు

పోయిన పాఠంలో ప్రశ్న గుర్తుందిగా: అణువిద్యుత్తును ఫ్రాన్స్ ఎందుకు నెత్తిన పెట్టుకుంది, జర్మనీ ఎందుకు వదిలించుకుంది? వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ‘అది వాళ్ల సంస్కృతి’ దగ్గరే ఆగిపోయాయి. ఇది సరిచేసుకోకుండా ముందుకెళ్లి లాభం లేదు. అందుకే ప్రశ్నావళి పాఠాన్ని వాయిదా వేస్తున్నాను.

శాంపిల్, శాతాలు మీకు తెలిసినవే. నేరుగా బీటీ వంకాయకు, అంటే పురుగును తట్టుకునేలా ఒక బ్యాక్టీరియా జన్యువును చేర్చిన వంకాయకు వద్దాం.

2010 ఫిబ్రవరి 9న అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దానిపై మారటోరియం (తాత్కాలిక నిలుపుదల) ప్రకటించారు. అంతకుముందు హైదరాబాద్‌తో సహా 7 నగరాల్లో బహిరంగ చర్చలు పెట్టారు. చాలా రాష్ట్ర ప్రభుత్వాలు వద్దన్నాయి. అదే జన్యువున్న వంకాయకు బంగ్లాదేశ్ 2013లో అనుమతిచ్చింది, 2014లో రైతులు నాటారు. సరిహద్దుకు అటూ ఇటూ బెంగాలీయే మాట్లాడతారు, వంకాయ వేపుడే తింటారు. సంస్కృతే కారణమైతే ఈ తేడా ఎలా వచ్చింది?

పోనీ, భారతీయులకు జన్యుమార్పిడి అంటేనే భయం అందామా? 2002 నుంచి బీటీ పత్తి వేస్తున్నాం. ఇప్పుడు మన పత్తి చేలల్లో దాదాపు అంతా అదే. 2006లో ఆంధ్రప్రదేశ్‌లో గొడవ జరిగింది, కానీ అది విత్తనం ధర మీద. 1,600 రూపాయలు దాటిన 450 గ్రాముల ప్యాకెట్‌ను రాష్ట్ర ప్రభుత్వం పట్టుబట్టి 750కి దించింది. ఆ వార్తను ‘టెక్నాలజీపై రైతుల వ్యతిరేకత’ అని రాసుకుంటే లెక్క మొత్తం తప్పుతుంది. బంగ్లాదేశ్‌లోనైతే వంకాయ విత్తనం ఇచ్చింది ప్రభుత్వ పరిశోధన సంస్థే, రైతు దాన్ని దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు.

కాబట్టి ముందు ఇవి అడగండి: నిర్ణయం ఎవరిది? వస్తువు ఎవరి చేతిలో ఉంది? అది నోట్లోకి వెళ్తుందా? నష్టమొస్తే ఎవరు భరిస్తారు? వీటికి లొంగనిది మిగిలితేనే సంస్కృతి జోలికి వెళ్లండి. దేశానికో రంగు పులిమిన మ్యాపులను నేనైతే అసలు నమ్మను.

ఇప్పుడు పాత ప్రశ్న. ఫ్రాన్స్‌లో 1974 నాటి అణు ప్రణాళికను ప్రభుత్వం పార్లమెంటులో ఓటింగ్ లేకుండానే మొదలుపెట్టింది. జర్మనీలో 1975లో వీల్ అనే ఊరి ద్రాక్షరైతులు రియాక్టర్ స్థలాన్ని ఆక్రమించారు, 1983లో అణువిద్యుత్తును వ్యతిరేకించే గ్రీన్ పార్టీ పార్లమెంటులో అడుగుపెట్టింది. 1986లో సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణు రియాక్టర్ పేలింది. జర్మనీలోని చివరి 3 రియాక్టర్లు 2023 ఏప్రిల్ 15న ఆగాయి.

అభ్యాసం: మీ దగ్గర్లో పత్తి వేసే ముగ్గురిని విడివిడిగా కలవండి. ‘బీటీ మంచిదా?’ అని అడగొద్దు. విత్తనం ఎక్కడ కొన్నారు, ఎవరి మాట మీద కొన్నారు, పంట పోతే ఎవరిని అడుగుతారు అని అడగండి. జవాబులను వాళ్ల మాటల్లోనే రాయండి, ఆ పేజీల్లో సంస్కృతి అన్న పదం వాడొద్దు.